క్రొత్త నివేశనములు, మార్గధర్మము

ఆత్మకూరునుండి నెల్లూరు దిక్కునకు గాని బద్వేలు దిక్కునకు గాని ముంబయి రోడ్డు వెంబడి పోవువారు ఒక వింత పంటను చూతురు. నిన్నమొన్నటిదాక జొన్నయో సజ్జయో పండిన చేలలో ఇప్పుడు తెల్లసున్నము పూసిన రాళ్లు వరుసలు దీరి మొలచియున్నవి. వాని నడుమ ఎఱ్ఱ గ్రావెలు పఱచిన బాటలు. ముందుభాగమున ఒక సిమెంటు స్వాగతద్వారము. దానిపై ఏ దేవుని పేరో పెట్టిన నగరము. ఉదయగిరి వంటి మెట్టసీమ మండలకేంద్రములకు కూడ ఈ పంట ప్రాకినది. మా జిల్లాలో ఇంటిస్థలమును అంకణముల లెక్కను అమ్ముట వాడుక. అంకణము ధర యెంత, తూర్పుముఖమా ఉత్తరముఖమా, నీరు ఎన్ని అడుగులలో పడును, బ్యాంకువారు అప్పిత్తురా అని అడుగని గృహస్థు లేడు. ఆ నగరములోని ఎఱ్ఱబాట ముంబయి రోడ్డును కలిసికొను చోటు ఎట్లున్నది, అచ్చట లారీల యెదుట మన పిల్లలు దినమునకు రెండు మాఱులు రోడ్డు దాటవలెనా అని అడిగినవారిని మాత్రము మేము అరుదుగా చూచితిమి.

గత సంవత్సరము మాయొద్ద చదువు బాలిక యొకతె తండ్రి ఇట్టి స్థలమొకటి కొనదలచి, దాని పటమును మాకు చూపుటకు తెచ్చెను. పటము ముచ్చటగా నున్నది. లోపలి బాటలు పసుపురంగున, పిల్లల తోట పచ్చరంగున, ప్రతి ముక్కకు ఒక సంఖ్య, ప్రతి బాటకు దాని వెడల్పు. అన్నిటికంటె పెద్ద బాట పటపు దక్షిణపుటంచువఱకు వచ్చి ఒక బాణపు గుఱుతుతో ఆగినది. బాణము మొనయొద్ద ముంబయి రోడ్డునకు అని వ్రాసియుండెను. ఆ బాణము ఎన్ని గజముల పొడవు, అచ్చట పల్లమా మిట్టయా, మలుపు కలదా, దీపము కలదా అని మేమడిగితిమి. ఆయన అమ్మువారిని అడిగి వచ్చి, అది తమ భూమి కాదనిరని చెప్పెను. పంచాయతీవారిని అడుగగా లోపలి బాటలే తమ లెక్కలోనివనిరట. రోడ్డువారిని అడుగగా తమ రోడ్డు సరిగానే యున్నదనిరట. ముగ్గురు చెప్పినదియు అబద్ధము కాదు. ఆ మూడు నిజముల నడుమ, ఆ బాలిక దాటవలసిన ముప్పది నలువది అడుగుల నేల ఎవరిదియు గాక మిగిలిపోయినది.

భూమిని ముక్కలు చేసి నివేశనములుగా అమ్ముకొనువానికి, ఆ నివేశనములకు పోవు బాట విషయమున ఎంత ధర్మము కలదు? అది మోటారు బండ్లతో పుట్టిన ప్రశ్నయని కొందఱు తలంతురు. అంత క్రొత్తది కాదు. మా సీమ చరిత్రయందే దీనికి పాత సాక్ష్యములు కలవు. వానిలో కొన్ని మెచ్చదగినవి, కొన్ని మన లోపమును మనకు చూపునవి.

మొదట ఉదయగిరినే చెప్పవలెను. మూడువేల యడుగులకు పైబడిన ఆ కొండమీద ఎనిమిది, క్రింద ఐదు, మొత్తము పదుమూడు కోటలుండెనని జిల్లా వర్ణనములు చెప్పుచున్నవి. గజపతుల చేతిలోనున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర యిబ్బంది పడి, 1514లో సాధించెను. పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్, రాయల అనంతరము కొలది సంవత్సరములకే విజయనగరమున నుండి వ్రాసిన చరిత్రలో ఈ ముట్టడిని వర్ణించినాడు. దానిని సీవెల్ 1900లో ఇంగ్లీషున ప్రకటించిన గ్రంథమందు మేము చదివితిమి. కోటను చేరుటకు ఒక్కటే దారియుండెనట. అదియు మనుష్యులు ఒకరి వెనుక నొకరుగా మాత్రమే పోదగినంత ఇఱుకు. రాయలు గుండ్లను పగులగొట్టించి, కొండలను తొలిపించి, ఆ యిఱుకు చోటనే విశాలమైన బాట వేయించెను. అది చాలక ఇంకను బాటలు తీయించెను. అటుపిమ్మటనే దుర్గము వశమైనది. ఈ కథను మన పాఠ్యపుస్తకములు ఏనుగులతోను కత్తులతోను చెప్పును. మాకు మాత్రము అందు గడ్డపాఱలే ఎక్కువగా కనబడుచున్నవి. యుద్ధము కొఱకు వేసిన బాట యగుగాక. కోట కావలసినవాడు కోటను చేర్చు బాటకు తానే ఖర్చు పెట్టుకొనెను. సైనికులను, మీ దారి మీరు చూచుకొనుడని విడువలేదు.

అదే రాజు ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును కొనిపోయి విజయనగరమున ప్రతిష్ఠించి, ఆ గుడిముందు పెద్ద అంగడివీధితో కృష్ణాపురమను క్రొత్త పేటను ఏర్పఱచెను. తల్లి నాగలాదేవి పేర నాగలాపురమను క్రొత్త పట్టణమును కట్టించెను. అదియే నేటి హోసపేట. సుమారు 1520లో ఆ దారిని చూచిన పాయిస్ అను మఱియొక పోర్చుగీసువాడు, పాత నగరమునుండి క్రొత్త పట్టణమునకు పోవు వీధి పోటీల మైదానమంత వెడల్పని, ఇరువైపుల ఇండ్లును అంగళ్లును కలవని, బాటసారులకు నీడ యగుటకు రాజు చెట్లు నాటించెనని వ్రాసెను. ఇందు మాకు ముఖ్యమని తోచినది చెట్లు కాదు. పాయిస్ వర్ణించిన వీధి క్రొత్త పట్టణము లోపలిది కాదు. క్రొత్తదానిని పాతదానితో కలుపు వీధి. నేటి పటములో బాణపు గుఱుతు వేసి వదలిన భాగము అదియే గదా.

అయితే రాజులందఱును, ప్రభువులందఱును ఇట్లే ఆలోచించిరనరాదు. ఉదయగిరికి పడమట, వెలిగొండల కావల, కడప సీమలో పోరుమామిళ్ల చెఱువు కలదు. విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరినుండి ఈ సీమను పాలించుచు దానిని కట్టించి, 1369లో రెండు ఱాతిపలకలమీద సంస్కృతమున ఒక పెద్ద శాసనము వేయించెను. మన దేశపు చెఱువు శాసనములలో అంత శాస్త్రీయమైనది మఱియొకటి మేము చదువలేదు. మంచి చెఱువునకు కావలసిన అంగములు పన్నెండని అందు లెక్కింపబడినవి. ధర్మాత్ముడగు ప్రభువు, జలశాస్త్రమెఱిగిన నిపుణుడు, గట్టినేల, తియ్యనీటి యేఱు, దిట్టమైన ఱాతికట్ట, పనితెలిసిన కూలీలు మున్నగునవి ఆ పన్నెండింటిలోనివి. దోషములు ఆఱు. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు పెద్దదగుట, నీరు పెద్దదై ఆయకట్టు కొంచెమగుట. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని అని లెక్క కూడ చెప్పబడినది.

రెండు రాజ్యముల సరిహద్దున నుండుట దోషమని వ్రాసినవాని బుద్ధికి నమస్కరింపవలెను. అట్టి చెఱువునకు గండి పడినచో ఏ రాజ్యము పూడ్చవలెనో తెలియదు. నీరెంత మంచిదైనను, కట్ట యెంత గట్టిదైనను, బాధ్యత చీలిన చెఱువు చెడ్డ చెఱువే. ఎఱ్ఱబాట ముంబయి రోడ్డున కలియు చోటికి ఈ దోషమే పట్టినది. ఒక ప్రక్క అమ్మువాడు, ఒక ప్రక్క పంచాయతీ, ఒక ప్రక్క జాతీయ రహదారి. అది మూడు రాజ్యముల సరిహద్దు.

చెఱువునకు పన్నెండు అంగములను, ఆఱు దోషములను లెక్కించిన ఆ కాలపువారు బాటకు అట్టి లెక్క ఏల వేయలేదు? మా పండితులు దీనికి వేఱువేఱు సమాధానములు చెప్పుదురు. మాకు తోచినది చెప్పెదము. మనవారు పుణ్యకార్యములను సప్తసంతానములని ఏడుగా ఏర్పఱచిరి. కొడుకు, చెఱువు, కావ్యము, నిధి, గుడి, వనము, అగ్రహారము. అగ్రహారము, అనగా ఒక క్రొత్త నివేశనము, ఈ ఏడింటిలో నున్నది. ఆ అగ్రహారమునకు పోవు బాట లేదు. దానపత్రములలో గ్రహీతకిచ్చు అష్టభోగములలో నిధి యున్నది, నిక్షేపమున్నది, జలమున్నది, పాషాణము కూడ నున్నది. బాట లేదు. బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టి గార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనములందు ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనములు అనేకములు కలవు. ఇట్టి శాసనములలో బాట సాధారణముగా కనబడునది పొలిమేర చెప్పునపుడే. తూర్పున ఫలాని తెరువు, దక్షిణమున ఫలాని గుండు. బాట హద్దు గాని భోగము కాదు. హద్దు ఎవరికిని సొంతము కాదు గనుక దానిని బాగుచేయు పుణ్యము ఎవరి ఖాతాలోను పడలేదు. చలిపందిలి పెట్టుట, సత్రము కట్టుట, దారి ప్రక్కను చెట్టు నాటుట పుణ్యములైనవి. బాటసారికి నీరిచ్చితిమి, నీడయిచ్చితిమి. బాటను మాత్రము వాని కాళ్లకే వదలితిమి.

ధర్మశాస్త్రములు వేఱు, అర్థశాస్త్రము వేఱు. మైసూరున శ్యామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించువఱకు మనవారికి కౌటిల్యుని గ్రంథము పేరుకే తెలియును. అందు బాటల సంగతి చదివినపుడు మేము ఆశ్చర్యపడితిమి. దుర్గము లోపలి వీధికి నాలుగు దండముల వెడల్పు చెప్పి, రాజమార్గమునకును పెద్దయూళ్లకు పోవు బాటలకును గ్రామమునకు పోవు బాటకును ఎనిమిది దండములు చెప్పినాడు. దండమనగా నాలుగు మూరలు, సుమారు ఆఱడుగులు. అనగా లోపలి వీధి 24 అడుగులు, ఊరిని చేర్చు బాట 48 అడుగులు. లోపలి వీధులను వెడల్పుగా చూపి, బయటి దారిని సన్నముగా ముగించు నేటి పటములకు ఇది తలక్రిందులు. బాటను అడ్డగించినవానికి దండనలు కూడ కలవు. మనుష్యులు, చిన్న పశువులు నడచు దారిని మూసినచో 12 పణములు, పెద్ద పశువుల దారిని మూసినచో 24, గ్రామపు బాటనో శ్మశానపు బాటనో మూసినచో 200, పెద్దయూరి బాట కైనచో 1000. వీధిలో దుమ్ము పోసినను, బురదనీరు నిలిపినను చిన్న జరిమానా కలదు. రాజమార్గమున అది రెట్టింపు. నివేశనమును అమ్మునపుడు పొరుగువారి యెదుట, హద్దులను ఉన్నవి ఉన్నట్లుగా చాటి, ఇంత ధరకు ఎవరు కొందురని మూడు మాఱులు అడుగవలెనని కూడ విధించినాడు. ఉన్నది ఉన్నట్లుగా అను మాట మా మిత్రుడు తెచ్చిన పటము చూచినపుడు మాకు జ్ఞాపకము వచ్చెను.

మనుస్మృతిలో స్త్రీల విషయమునను వర్ణముల విషయమునను ఉన్న మాటలను మేము ఒప్పుకొనము. ఆ సంగతి ఈ పత్రిక చదువరులకు తెలియనిది కాదు. అయినను ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చి యున్న భాగము న్యాయవాదులు చదువదగినది. ముకుత్రాడు తెగినను, కాడి విఱిగినను, బండివాడు తొలగుడని కేక వేసినను దండన లేదట. బండి తోలువాని నేర్పులేమిచేత బండి త్రోవ తప్పి హాని కలిగినచో దండన యజమానునికి, 200 పణములు. తోలువాడు నేర్పరియై యుండి హాని చేసినచో దండన వానికే. నేర్పులేనివాడని తెలిసియు ఎక్కి కూర్చున్నవారికి తలకు నూఱు. లాభముకొఱకు పనికిరానివానిని నియమించినవాడు తప్పించుకొనరాదని ఇందలి న్యాయము. నేడు మన రోడ్లమీద ప్రమాదము జరిగినంతనే మొట్టమొదట పట్టుబడువాడు డ్రైవరు. ఆ బండి అచ్చట ఆ వేగమున పోవలసివచ్చునట్లును, ఆ పాదచారి అచ్చటనే దాటవలసివచ్చునట్లును భూమిని కోసి అమ్మినవాని పేరు ఏ కాగితములోను రాదు.

ఇక ఇంగ్లీషువారి సంగతి. 1875 నాటి వారి ప్రజారోగ్య చట్టము ప్రకారము, ఎవడైనను వీధి వేసి ఇండ్లు అమ్మి పోయిన పిమ్మట వీధి బురదయై చెడినచో, స్థానికాధికారులు ఆ వీధిమీది ఇండ్లవారిచేత దానిని బాగుచేయింపవచ్చును, లేదా తామే చేసి వారివద్ద వసూలు చేయవచ్చును. అమ్మినవాడు అప్పటికి ఎచ్చటనో యుండును. ఈ యన్యాయము సరిపడుటకు వారికి 76 ఏండ్లు పట్టినది. 1951 నాటి క్రొత్తవీధుల చట్టముతో, ఇల్లు కట్టుటకు ముందే వీధిఖర్చు జమకట్టవలెనని, లేదా పూచీ ఈయవలెనని విధించిరి.

మదరాసు రాజధానిలో ఈ యాలోచన పుట్టుటకు పాట్రిక్ గెడ్డీసు అను స్కాట్లండు పండితుడు కొంత కారణము. ఆయన తన పట్టణప్రదర్శన పటములను ముందుగా ఓడలో పంపగా, 1914లో జర్మనుల ఎండెను నౌక వానిని సముద్రమున ముంచెను. మదరాసు తీరమున నూనెతొట్టెలను కాల్చిన ఎండెనే అది. మిత్రులు వేఱు పటములు కూర్చి పంపగా 1915లో మదరాసున ప్రదర్శన జరిగెను. ఆయన అనేక పట్టణములు తిరిగి నివేదికలు వ్రాసెను. 1920లో మదరాసు శాసనసభ పట్టణనిర్మాణ చట్టమును, జిల్లా మునిసిపాలిటీల చట్టమును చేసెను. ఈ రెండవదానిలోనే మనకు కావలసిన మాట స్పష్టముగా మొదటిసారి కనబడుచున్నది. ఎవడైనను తన భూమిని ఇండ్లకు నివేశనములుగా అమ్మినను, గుత్తకిచ్చినను, ఆ స్థలములు ఉన్న వీధిని తాకుచుండనిచో, వానికి దారిగా ఒక వీధిని వేసి, దానిని ఉన్న వీధితో కలుపవలెనని ఆ భూస్వామికి విధి. కలుపవలెను అను ఆ ఒక్క క్రియాపదము కొఱకు ఆ చట్టము వ్రాసినవారిని మేము మెచ్చుకొనుచున్నాము. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము, 1965 ఈ విధిని నిలుపుకొని, పటము ముందుగా ఆమోదింపబడవలెననియు, తోటలకును పాఠశాలలకును చోటు విడువవలెననియు పెంచినది.

అయితే ఇది పట్టణముల మాట. నెల్లూరు 1866నుండియే మునిసిపాలిటీ. ఆత్మకూరు ఈ శతాబ్దమున గాని పురపాలనలోనికి రాలేదు. అందుచేత మా పడమటి సీమలో ఆ విధి చాలకాలము పుస్తకములలోనే యుండెను. గ్రామ పంచాయతీలలో భూమిని స్థలములుగా విభజించుటకు ప్రత్యేక నియమములు 2002లో వచ్చినవి. ఆలోపల ఎన్నో చేలు స్థలములైనవి, వచ్చిన తరువాతను ఎన్నో అనుమతి లేకయే స్థలములైనవి. అట్టివానిని రుసుము పుచ్చుకొని సక్రమపఱచు పథకములు 2007లోను 2020లోను ప్రకటింపబడినవి. రుసుము కట్టుటకు వరుసలో నిలిచినవారు తఱుచుగా ఎవరు? స్థలము కొన్న ఉపాధ్యాయుడు, కువైటునుండి డబ్బు పంపిన కూలి, పింఛను వచ్చిన గుమాస్తా. 1875 నాటి ఇంగ్లీషు వీధిలో పట్టుబడినవారును ఇట్టివారే.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, వాడుకలో రెరా యనునది, ఈ త్రాసును కొంత సరిచేసినది. 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 12 సెంట్లు మించిన భూమిలో స్థలములు వేసి అమ్మువాడు నమోదు కావలెను. చూపిన పటము ప్రకారమే చేయవలెను. అప్పగించిన ఐదేండ్లలోపల పనిలోనో సౌకర్యములలోనో లోపము బయటపడినచో, తెలిపిన 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. లోపలి పనులలో బాటలు, కాలిబాటలు, వీధిదీపములు చట్టపు నిర్వచనమునందే చేర్చబడినవి. వెలుపలి పనులు అను మాటకు కూడ నిర్వచనము కలదు. నివేశనపు అంచునను, దానికి బయటను, దాని మేలుకొఱకు చేయవలసిన బాటలు మున్నగు పనులన్నియు అందు చేరును. చదువరులు ఇచ్చట సంతోషింపబోదురు. కొంచెమాగవలెను. స్థానిక చట్టములు విధించిన మేరకు అని ఆ నిర్వచనము ముగియుచున్నది. స్థానిక నియమములు బాటకు వెడల్పు చెప్పును. బాట మొగ యొద్ద చూపు ఎంత దూరము పాఱవలెను, దీపమెవరు వేయవలెను, పిల్లలు దాటు గీతలెవరు గీయవలెను అను మాటలు వెడల్పు మాటవలె అమ్మువాని మెడకు చుట్టుకొనుటలేదు.

రహదారి వైపునుండి వచ్చిన చట్టములు వేఱు. ఇంగ్లండులో పెద్ద రోడ్ల కిరువైపుల నాడాల వలె ఇండ్లు ప్రాకుటను చూచి, 1935లోనే దానిని అరికట్టుటకు ఒక చట్టము చేసి, పెద్ద రోడ్డులోనికి క్రొత్త దారి తెఱచుటకు అనుమతి కావలెననిరి. మన దేశమున 2002 నాటి జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణ చట్టము ఆ పని చేసినది. కృష్ణపట్టణపు రేవునుండి నెల్లూరు, సంగము, ఆత్మకూరు, బద్వేలు మీదుగా పడమటికి పోవు మా ముంబయి రోడ్డు ఇప్పుడు 67వ జాతీయ రహదారి. దానిలోనికి దారి తెఱచువాడు రహదారివారి అనుమతి పొందవలెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, రోడ్డును రూపొందించు, నిర్మించు, నిర్వహించు అధికారులుగాని గుత్తదారులుగాని భద్రతా ప్రమాణములు పాటింపకపోవుటచేత మరణమో అంగవైకల్యమో కలిగినచో లక్ష రూపాయలవఱకు జరిమానా విధించిరి. అధికారి యున్నాడు, గుత్తదారు ఉన్నాడు, సలహాదారు ఉన్నాడు. భూమి కోసి అమ్మినవాడు ఆ వరుసలో పేరు పెట్టి చెప్పబడలేదు. 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. వారిలో దాదాపు ఐదవ వంతు నడచిపోవువారు.

ఇంతవఱకు కొనగలవారి మాట చెప్పితిమి. కొనలేనివారి సంగతి వేఱు. మన గ్రామములలో మాలపల్లెను మాదిగపల్లెను ఊరికి ఎడముగా, తఱుచు రోడ్డుకావల నిలిపిన చరిత్ర మనది. ఆ దూరమునకు అంటరానితనమని పేరుండెను. 2020 డిసెంబరు 25న ప్రారంభించి రాష్ట్రమంతట 30 లక్షలకు పైగా కుటుంబములకు ఇంటిస్థలములిచ్చుట పెద్ద కార్యమే. కాని ఇట్టి కాలనీలకు భూమి దొఱకునది ఊరి వెలుపల, చవుకైనచోట. బడి, ఆసుపత్రి, రేషను దుకాణము ఊరిలో. నడుమ రోడ్డు. ఇచ్చట స్థలము వేసినది ప్రభుత్వమే గనుక అమ్మకము లేదు. అమ్మకము లేనిచోట కొనుగోలుదారునికి చట్టమిచ్చిన హక్కును చూపి అడుగుటకు వీలులేదు. ఉచితముగా వచ్చినదానిని ప్రశ్నించుట మర్యాద కాదని అచ్చటి తల్లులు తలంతురు. రోడ్డు దాటించుటకు పిల్లవాని చేయి పట్టుకొని నిలుచుండు తల్లి ఆ పూట కూలి పోగొట్టుకొనుచున్నది. స్థలము ఉచితమన్న లెక్కలో ఆ కూలిని ఎవరును వ్రాయరు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున రాడ్‌బర్న్ అను పేట 1929లో కట్టబడినది. మోటారు యుగమునకు తగిన యూరని దానిని పిలిచిరి. క్లారెన్సు స్టీను, హెన్రీ రైటు అను ఇద్దఱు శిల్పులు ఇండ్ల వెనుక బండ్ల దారి, ముందు తోటలోనుండి కాలిదారి అమర్చి, కాలిదారి బండ్లబాటను దాటవలసినచోట క్రిందుగా సొరంగము త్రవ్వించిరి. ఆర్థిక మాంద్యము వచ్చి ఊరు పూర్తి కాలేదు. సొరంగము మాత్రము కాగితము మీదనే నిలిచిపోలేదు. మా ఆత్మకూరులో సొరంగములు కావలెనని మేమనము. స్థలము అమ్మువాడు బాట మొగను కూడ తన పటములో గీయవలెనని, రహదారివారి అనుమతిపత్రమును కొనువానికి చూపవలెనని, మొగయొద్ద దీపము, దాటు గీతలు, వేగము తగ్గించు ఏర్పాటు అమర్చువఱకు కొన్ని స్థలములు పంచాయతీకి తనఖాగా నుండవలెనని అడుగుచున్నాము. లోపలి బాటల కొఱకు తనఖా పెట్టించుకొను పద్ధతి ఇదివఱకే వాడుకలో నున్నది. దానిని ముప్పది నలువది అడుగులు ముందునకు జరుపవలెను, అంతే. ప్రభుత్వము తానే స్థలములు వేయునపుడు తనకు ఈ నియమమును మినహాయించుకొనరాదు.

బాలిక తండ్రి మా మాట విని బయానా ఇచ్చుట ఆపెను. బాణపు గుఱుతును ఎఱ్ఱసిరాతో చుట్టి, పటము నకలును జతపఱచి, ఆ చోటు ఎవరిదని మూడు కార్యాలయములకు మూడు అర్జీలు వ్రాసెను. వ్రాతలో మేము కొంత సాయపడితిమి. ఒక కార్యాలయము రసీదునిచ్చినది. తక్కిన రెండింటికి ఆయన వచ్చే సోమవారము మఱల పోవలసియున్నది.